జుల్మీరా చెప్పిన సాక్ష్యం

డెల్ఫిమ్ అరుడాను దొంగ అన్నది బయటివాడు కాదు, సొంత బావమరిది. చాటుగా కూడా అనలేదు. అమెరికాలో న్యూ బెడ్‌ఫర్డ్ రేవులో డెల్ఫిమ్ ముప్ఫై ఒక్క ఏళ్ళు కత్తి పట్టిన చేపల షెడ్డులో, పొద్దున తొమ్మిదిన్నర కాఫీ విరామంలో, నలభై మంది రబ్బరు బూట్లతో నిలబడి వింటుండగా, కాగితం చూసి పైకి చదివాడు.

కాగితం రాసింది కంపెనీ. చదివిన గొంతు బావమరిది ఎడ్వీనోది.

"డెల్ఫిమ్ అరుడాని దొంగతనం మీద పనిలోంచి తీసేశారు. ఇంకెవరైనా సరుకు బయటికి పట్టుకెళ్తే ఇదే గతి. అంతే. పదండి, పన్లోకి పదండి."

ఆ సమయానికి డెల్ఫిమ్ ఇంట్లో వంటగది బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. మధ్యాహ్నంలోగా ముగ్గురు ఫోను చేసి ఆ మాటలు అప్పజెప్పారు. ముగ్గురూ ఒక్కలాగే చెప్పారు కాబట్టి అనలేదనుకోవడానికి వీల్లేకపోయింది.

అతను దొంగిలించింది చేపతల.

కాడ్ చేప వస్తే మొప్పల వెనక కత్తి దించి, వెన్నుముల్లు వెంట లాగి, రెండు పక్కలా కండ తీస్తారు. కండ బోస్టన్ హోటళ్ళకు పోతుంది. తలా ముల్లూ పీపాలో పడతాయి. లాబ్‌స్టర్లు పట్టేవాళ్ళు ఎర కోసం ఆ పీపాలు పట్టుకెళ్తారు. అయితే శుక్రవారం నాడు ప్రతి కోతగాడూ పీపాలోంచి ఒక పెద్ద తల ఏరుకుని, సంచిలో వేసుకుని, అందరూ చూస్తుండగా గుమ్మం దాటేవాడు. షెడ్డు ముసలి వాస్కోదిగా ఉన్న రోజుల నుంచీ అంతే. వాస్కో ఎవరినీ అడగనిచ్చేవాడు కాదు. కొత్తవాడెవడైనా "ఒక తల తీసుకోమంటారా" అంటే ముఖం మాడ్చుకునేవాడు. "నేను ఇవ్వనని నీకెవడు చెప్పాడ్రా?" అనేవాడు. అడగడమంటే ఆయన్ని పిసినారి అన్నట్టు. అడగకుండా తీసుకోవడమే అక్కడ మర్యాద.

వాస్కో పోయాడు. కొడుకులు షెడ్డును బోస్టన్ కంపెనీకి అమ్మారు. కంపెనీ కెమెరాలు పెట్టింది, గోడకి ఇంగ్లీషులో ఒక కాగితం అంటించింది. దాన్ని కోతగాళ్ళకు పోర్చుగీసులో చెప్పాల్సినవాడు సూపర్‌వైజర్ ఎడ్వీనో. "ఏం లేదు, కండ ముట్టుకోవద్దంటున్నారు" అని చెప్పాడు. కండను అంతకు ముందూ ఎవరూ ముట్టుకోలేదు.

కెమెరాకి డెల్ఫిమ్ దొరికాడు. కాస్త తెలివైనవాళ్ళు కెమెరాకి వీపు పెట్టి తల తీసుకున్నారు. అతను ఎదురుగా నిలబడి తీసుకున్నాడు. దాచుకోవాల్సిన పని ఏముంది?

ఆఫీసు గదిలో కంపెనీ తరఫున ఒక పొడుగాటి ఆవిడ, పక్కన ఎడ్వీనో. ఆవిడ అడిగింది, ఎడ్వీనో పోర్చుగీసులోకి మార్చి చెప్పాడు.

"సరుకు తీసుకెళ్ళావా అంటోంది, బావా."

"సరుకేంటి? తల తీసుకెళ్ళాను. ప్రతి శుక్రవారం."

"ఎవరినైనా అడిగి తీసుకెళ్ళావా అంటోంది."

డెల్ఫిమ్‌కి నవ్వొచ్చింది. "తలకి అడిగేదేంటి? నేనేమన్నా అడుక్కుతినేవాణ్ణా? చెప్పు ఆవిడకి."

ఎడ్వీనో చెప్పాడు. అతను ఇంగ్లీషులో చెప్పింది ఒక్క ముక్కే: అడగలేదట. అది అబద్ధం కాదు. ఆవిడ రాసుకుని కాగితం తిప్పి ముందు పెట్టింది. డెల్ఫిమ్ సంతకం చేశాడు. చేస్తూ ఒకసారి బావమరిది వైపు చూశాడు. పదకొండేళ్ళుగా ప్రతి శుక్రవారం ఆ తలల పులుసు తింటున్నది ఎడ్వీనోయే. కూతురు డేలియాను వెంటబెట్టుకుని వచ్చేవాడు. చేప చెంపలో ముల్లు ఉండదు కాబట్టి డెల్ఫిమ్ భార్య, ఎడ్వీనో అక్క జుల్మీరా ఆ కండ వలిచి డేలియాకి పెట్టేది. ఇప్పుడు వీడే చెబుతాడులే అనుకున్నాడు డెల్ఫిమ్. మనవాడి మీద మనం చెప్పడం బాగుండదు, వాడి మాట వాడే చెప్పాలి.

ఎడ్వీనో కాగితం మీద సాక్షిగా తనూ సంతకం చేశాడు.

మర్నాడు డెల్ఫిమ్ రేవు అవతల ఫెయిర్‌హేవెన్‌లో ఇంకో షెడ్డుకు వెళ్ళాడు. అక్కడి పెద్ద అతని చేతి పని ఎరిగినవాడు, సోమవారం వచ్చెయ్యమన్నాడు. సోమవారం గుమ్మంలోనే ఆపేశాడు. "ఏమనుకోకు డెల్ఫిమ్. అక్కడికి ఫోను చేశాను. దొంగతనం మీద తీసేశామన్నారు. నా పైవాళ్ళు ఊరుకోరు."

"ఎవరన్నారు?"

ఆ మనిషి బూటు వైపు చూసుకున్నాడు. "మీ బావమరిదే."

అక్కడితో ఆగి ఉంటే డెల్ఫిమ్ ఇంకేదైనా పని చూసుకునేవాడేమో. కిరీటం రాకపోయేసరికి ఆగలేదు.

అతనిది పోర్చుగల్‌కి చెందిన అజోర్స్ దీవుల్లో సావ్ మిగేల్. ఆ దీవుల వాళ్ళు ఏ దేశం పోయినా పవిత్రాత్మ వెండి కిరీటాన్ని వెంట తీసుకుపోతారు. ఈస్టరు తర్వాత ఏడు వారాలు, వారానికొక ఇంట్లో అది ఉంటుంది. ఎవరింట్లో ఉండాలన్నది చీటీ తేలుస్తుంది. డెల్ఫిమ్ పంతొమ్మిదేళ్ళు చీటీ వేశాడు. ఆ ఏడాది ఐదో వారం అతని పేరు వచ్చింది. జుల్మీరా ముందుగదికి సున్నం కొట్టించి, కిరీటం కింద పరచడానికి తెల్లగుడ్డ మీద కుట్టుపని మొదలుపెట్టింది. వీధి వీధంతా ఆ వారం వాళ్ళింటికి వచ్చి మోకరిల్లాలి.

కిరీటం సంగతి చూసే సంఘం పెద్ద హెర్మానో ఇంకొకడిని వెంటేసుకుని వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మీ వీధిలో కార్లు పెట్టడానికి చోటు తక్కువ కదా, సెన్యోర్ డెల్ఫిమ్."

"పంతొమ్మిదేళ్ళు నా చీటీ తీసుకున్నప్పుడు వీధి వెడల్పుగా ఉందా?"

"అబ్బే, అది కాదు. జనం వస్తారు, పోతారు... ఈసారికి ఆరోవారం వాళ్ళకి ఇచ్చేస్తే..."

"సూటిగా చెప్పు హెర్మానో. ఇంకా చాలా ఇళ్ళు తిరగాలి నువ్వు."

వెంట వచ్చినవాడు నోరు జారాడు. "వెండిది కదా. రేపు ఏదైనా అయితే మాట మా మీదికి వస్తుంది."

జుల్మీరా లోపల్నుంచి వచ్చి సగం కుట్టిన గుడ్డ మడిచి హెర్మానో చేతిలో పెట్టింది. "తీసుకెళ్ళు. ఎవరింట్లో పెడతారో వాళ్ళకివ్వు. దొంగసొత్తు కాదులే, దారం కూడా కొన్నదే."

వాళ్ళు పోయాక ఆమె ముందుగదిలో కూర్చుని ఏడ్చింది. డెల్ఫిమ్ అంతకుముందు ఆమె ఏడవగా రెండుసార్లే చూశాడు. మర్నాడే లాయరు దగ్గరికి వెళ్ళాడు.

లాయరు లూర్దెస్ మెదైరోస్ తాత కూడా సావ్ మిగేల్ వాడే. ఆమెకు వచ్చిన పోర్చుగీసు అమ్మమ్మ వంటింట్లో నేర్చుకున్నది. చట్టం మాటలు దానిలో లేవు, అందుకని సూటిగానే చెప్పింది.

"మీరు దొంగ కాదని నేను నమ్ముతున్నాను, సెన్యోర్ డెల్ఫిమ్. అది చాలదు."

"ఇంకేం కావాలి?"

"పనివాణ్ణి ఎందుకు తీసేశారో మిగతా పనివాళ్ళకి చెప్పే హక్కు యజమానికి ఉంది. ఇంకో యజమాని ఫోను చేసి అడిగితే చెప్పే హక్కూ ఉంది. చెప్పింది తప్పే కావచ్చు. నిజమని నమ్మి, చెప్పాల్సినవాళ్ళకి మాత్రమే చెబితే కోర్టు వాళ్ళ జోలికి పోదు."

"తప్పు చెప్పినా?"

"పొరబడి చెబితే. దానికి షరతు ఉంది. అబద్ధమని తెలిసి చెబితే ఆ రక్షణ పోతుంది. కానీ వాళ్ళు పొరబడడానికి కారణం మీరే చేతికిచ్చారు. అడగలేదని సంతకం పెట్టారు."

"అడగం. ఎవరూ అడగరు. అక్కడ పద్ధతి అది."

"ఆ పద్ధతి బోస్టన్‌లో ఉన్న ఆవిడకి తెలుసా?"

"ఆవిడకెలా తెలుస్తుంది? ఎడ్వీనోకి తెలుసు."

"అదీ. ఆ కాగితం చదివినవాడూ ఫోనులో మాట్లాడినవాడూ ఆయనే. అది దొంగతనం కాదని ఆయనకి తెలుసని మనం రుజువు చెయ్యాలి. మీ ఒక్కరి మాట చాలదు, ఇంకెవరు చెబుతారు?"

డెల్ఫిమ్ ఐదుగురు కోతగాళ్ళ పేర్లు ఇచ్చాడు. లూర్దెస్ ఒక్కొక్కరినీ పిలిచి అడిగింది. ఐదుగురికీ ఏమీ తెలియదు. చేపకి తల ఉంటుందన్న సంగతి కూడా వాళ్ళకి అనుమానంగానే ఉన్నట్టు మాట్లాడారు. అందులో జనువారియో అనేవాడు తర్వాత చర్చి బయట డెల్ఫిమ్ కారు అద్దం మీద తట్టాడు.

"మేమూ తీసుకున్నామని చెబితే మేమూ దొంగలమని మేమే రాసిచ్చినట్టు కదన్నా. నాకింకా నాలుగేళ్ళ సర్వీసుంది. నువ్వే చెప్పు, నువ్వైతే ఏం చేస్తావ్?"

"నిజం చెబుతాను."

"చెప్పావుగా. చూశాంగా." అనేసి జనువారియో వెళ్ళిపోయాడు.

దీవివాళ్ళ క్లబ్బులో ఆదివారం డెల్ఫిమ్ తలుపు తీస్తే పేకాట బల్ల దగ్గర్నుంచి ఎవరో అన్నారు, "డెల్ఫిమొచ్చాడ్రోయ్, ముక్కలన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి." నవ్వారు. అది ద్వేషంతో అన్నది కాదు, సరదాకి అన్నదే. అతను వెనక్కి తిరిగి వచ్చేశాడు, మళ్ళీ వెళ్ళలేదు.

ఇక ఎడ్వీనోకి తెలుసని చెప్పగలిగింది, షెడ్డులో ఉద్యోగం లేనిది ఒక్క మనిషే. జుల్మీరా.

అప్పటికి ఆమెకు కడుపులో జబ్బు బయటపడింది. వేసవి దాకా ఉండొచ్చునని డాక్టరు చెప్పాడు. ఏ వేసవి అని డెల్ఫిమ్ అడిగాడు. వచ్చేదే అన్నాడు డాక్టరు. లూర్దెస్ అది విని, ఆమె సాక్ష్యం ఆలస్యం చెయ్యకుండా ఇంట్లోనే తీసుకోవడానికి ఏర్పాటు చేసింది.

"రమ్మను" అంది జుల్మీరా. అంతే అంది. డెల్ఫిమ్ అది ఒప్పుకోలు అనుకున్నాడు. ముప్ఫై నాలుగేళ్ళ కాపురం, ఇంకెలా అనుకుంటాడు?

ముందురోజు మధ్యాహ్నం ఆమెకు దిండ్లు సర్దుతుంటే అడిగింది. "నేను చెప్పాక ఎడ్వీనోని ఏం చేస్తారు?"

"పీకేస్తారు. వాడు అబద్ధమాడాడు కదా."

"డేలియా మందు?"

డేలియాకి పుట్టుకతోనే ఊపిరితిత్తుల జబ్బు. లోపల జిగురు పేరుకుంటుంది. పద్నాలుగేళ్ళు వచ్చాయి, ఒక కొత్త మందు మీద రెండేళ్ళుగా మామూలు పిల్లలా మెట్లెక్కుతోంది. ఆ మందు ఎడ్వీనో ఉద్యోగంతో వచ్చే ఇన్సూరెన్సు మీద నడుస్తోంది.

"ప్రభుత్వం ఇస్తుంది. దానికీ ఏవో కాగితాలుంటాయి" అన్నాడు డెల్ఫిమ్.

"ఇస్తుంది. కాగితాలు తిరిగొచ్చేదాకా ఊపిరి బిగబట్టుకోమని చెప్పు దానికి."

"అది వాడు చూసుకోవాల్సింది. ఆ కాగితం చదివినప్పుడే ఆలోచించుకోవాల్సింది."

"వాడు ఆలోచించాడు డెల్ఫిమ్. అందుకే చదివాడు." ఆమె కళ్ళు మూసుకుంది. "వాడికి నాలుగేళ్ళప్పుడు అమ్మ పోయింది. పెంచింది నేను. డేలియాని చర్చిలో ఎత్తుకుని బాప్తిస్మం నీళ్ళు పోయించింది నేను. నాకు తెలుసు నువ్వేంటో. ఈ ఇంట్లో నీకు పేరుంది. చాలదా?"

"చాలదు."

ఆమె ఇంకేమీ అడగలేదు. డెల్ఫిమ్ ఆ మౌనాన్ని కూడా ఒప్పుకోలు కిందే జమ కట్టుకున్నాడు.

మర్నాడు వంటగది బల్ల చుట్టూ లూర్దెస్, కంపెనీ తరఫు కుర్ర లాయరు, మాటలు టైపు చేసే మనిషి, లిస్బన్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన దుబాసీ ఒకావిడ కూర్చున్నారు. డెల్ఫిమ్ పొయ్యి పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. జుల్మీరా ఉతికిన నీలం గౌను వేసుకుంది. కుడిచెయ్యి ఎత్తి, నిజమే చెబుతానంది.

"ఈవిడ పోర్చుగీసు టీవీలో వార్తల్లా ఉంది. మీరు కాస్త మెల్లిగా చెప్పండమ్మా, మాది దీవి" అంది దుబాసీతో. కుర్ర లాయరు కూడా నవ్వాడు.

లూర్దెస్ మొదలుపెట్టింది. "శుక్రవారాలు మీ తమ్ముడు ఎడ్వీనో మీ ఇంటికి భోజనానికి వచ్చేవారా?"

"వచ్చేవాడు. పిల్లని తీసుకుని."

"ఏం వండేవారు?"

"చేపతల పులుసు. బంగాళాదుంపలు వేసి. మీకు తెలుసా చెయ్యడం? మీ అమ్మమ్మ చేసే ఉంటుంది."

"చేసేది. ఆ తలలు ఎక్కడివో మీ తమ్ముడికి తెలుసా?"

జుల్మీరా బల్ల మీద చెయ్యి పెట్టి వేళ్ళు చాపింది. ఉంగరం వదులైపోయి దారం చుట్టుకుంది. ఆమె డెల్ఫిమ్ వైపు చూడలేదు.

"తెలీదు."

"తెలీదా?"

"సంతలో కొన్నానని చెప్పేదాన్ని. షెడ్డు నుంచి తెచ్చిందంటే వాడు ముట్టడు. సూపర్‌వైజర్ కదా, పట్టింపెక్కువ."

టైపు చేసే మనిషి వేళ్ళు ఆగాయి. లూర్దెస్ కాసేపు తన కాగితాల్లోకి చూసింది.

"సెన్యోరా జుల్మీరా, మీరు ప్రమాణం చేశారు."

"చేశాను. నాకు జబ్బు కడుపులో, చెవుల్లో కాదు."

"పదకొండేళ్ళు అలాగే చెప్పారా?"

"పదకొండేళ్ళూ. ఆడవాళ్ళు వంటింట్లో ఎన్ని చెబుతారు, మీకు తెలియందేముంది."

కంపెనీ లాయరు తను అడగాల్సింది ఏమీ లేదన్నాడు. లేచేటప్పుడు ఆమెకు మర్యాదగా కృతజ్ఞత చెప్పాడు. మంచి కుర్రాడిలాగే ఉన్నాడు.

అందరూ పోయాక డెల్ఫిమ్ స్టూలు మీద నుంచి లేవలేదు.

"చెయ్యెత్తి అబద్ధం చెప్పావు."

"చెప్పాను. దానికి జవాబు పైన నేను చెప్పుకుంటాను."

"నేను దొంగనయ్యాను."

"నువ్వు దొంగవి కాదు. నాకు తెలుసు."

"నీకు తెలిస్తే ఏం లాభం? నువ్వు పోతున్నావు."

ఆమెకు కోపం రాలేదు, అది అతనికి ఇంకా కష్టంగా తోచింది. తల ఒకసారి ఊపింది, అవును నిజమే అన్నట్టు. తర్వాత మంచం మీదికి చేర్చమని చెయ్యి చాపింది. అతను చేర్చాడు.

ఆ తర్వాత ఏడు వారాలు బతికింది. డెల్ఫిమ్ ఆమెను ఒంటిచేత్తో చూసుకున్నాడు. ఒళ్ళు తుడిచాడు, పక్కగుడ్డలు ఉతికాడు, చెంచాతో పట్టించాడు, మందు వేళ ఒక్క నిమిషం దాటనివ్వలేదు. వీధిలో ఆడవాళ్ళు చూసి, మగవాళ్ళలో ఇలాంటివాణ్ణి చూడలేదని చెప్పుకున్నారు. వాళ్ళకి తెలియనిదేమిటంటే, ఆ ఏడు వారాల్లో అతను ఆమెతో నీళ్ళు కావాలా, వెలుతురు ఎక్కువైందా, అటు తిరుగుతావా అన్నవి తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. ఎడ్వీనో వచ్చిన రోజున తలుపు తీసి పెరట్లోకి వెళ్ళిపోయేవాడు.

చివరి వారంలో ఒక పొద్దున ఆమె అతని చొక్కా చేతిని పట్టుకుంది.

"డెల్ఫిమ్, ఒక్క మాట..."

"మందుకి ఇంకా అరగంట ఉంది" అన్నాడు.

మందు గురించి కాదని అతనికి తెలుసు. ఆమె చెయ్యి వదిలేసింది. మళ్ళీ అడగలేదు. రెండు రోజుల తర్వాత అతను దుప్పటి మారుస్తుండగా పోయింది. ఆ ఒక్క మాట ఏమిటో అతనికి తెలియదు. క్షమించమనో, నువ్వే క్షమాపణ చెప్పమనో, బీరువాలో ఏదో ఉందనో. ఏదైనా కావచ్చు.

శవపేటిక మోసినవాళ్ళలో ఎడ్వీనో ఉన్నాడు. అక్క కాబట్టి డెల్ఫిమ్ ఆపలేదు. డేలియా గోతి పక్కన నిలబడి ఎర్రబడ్డ కళ్ళతో అతని వైపు చూసింది. ఆ పిల్లకి ఏమీ తెలియదు. అతను ముఖం తిప్పుకున్నాడు.

అక్టోబరులో తీర్పు వచ్చింది. లూర్దెస్ తన ఆఫీసులో కూర్చోబెట్టి చదివి, మాట మాటకీ అర్థం చెప్పింది. జడ్జి మర్యాదగానే రాసింది. వాది దొంగ అని ఈ కోర్టు అనడం లేదంది. చిరకాలంగా ఉన్న పద్ధతి ప్రకారం తీసుకున్నానని అతను నమ్మి ఉండవచ్చునంది. అయితే ఆ పద్ధతి సూపర్‌వైజర్‌కి తెలుసనడానికి ఆధారం లేదు. వాది సంతకం ఉంది. విన్నవాళ్ళు వినాల్సినవాళ్ళే. కాబట్టి యజమాని హక్కు నిలుస్తుంది. దావా కొట్టివేయడమైనది.

"ఆధారం లేదని ఎక్కడ రాసింది?" అన్నాడు డెల్ఫిమ్.

లూర్దెస్ ఏడో పేజీ తిప్పి వేలు పెట్టి చూపించింది. వాది భార్య స్వయంగా ప్రమాణం మీద చెప్పినట్టుగా, అని ఉంది. కింద జుల్మీరా అరుడా అని పేరు.

"నిజం చెప్పండి సెన్యోర్ డెల్ఫిమ్. ఆవిడ చెప్పింది..."

"నా భార్య చెప్పింది రాశారు కదా. అంతే."

చలికాలం గడిచింది. మార్చిలో ఒక శనివారం ఎడ్వీనో పెరటి తలుపు దగ్గరికి వచ్చాడు. కొత్త కోటు వేసుకున్నాడు, దాని మీద నగరం నీళ్ళ శాఖ గుర్తు ఉంది. డెల్ఫిమ్ తలుపు తీసి, లోపలికి రమ్మనకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

"బావా, లాయరమ్మ దగ్గర్నుంచే వస్తున్నా. మొత్తం రాసిస్తానన్నాను. తలల సంగతి నాకు తెలుసని, తిన్నానని, తెలిసే ఆ కాగితం చదివానని, ఫోనులో కూడా తెలిసే చెప్పానని. సంతకం పెడతాను. కోర్టుకి రమ్మన్నా వస్తాను."

"ఇప్పుడా?"

"ఇప్పుడైతే... షెడ్డు మానేశాను, డేలియాకి నగరం ఇన్సూరెన్సు వచ్చేసింది. ఇంక వాళ్ళు నన్నేం చెయ్యలేరు."

"అంటే నిజం ఇప్పుడు నీకు ఊరికే వస్తోంది."

ఎడ్వీనో తల దించుకున్నాడు. "తిట్టు. నువ్వేమన్నా పడతాను."

"తిట్టను. నీకు తేలికవుతుంది."

"అక్కని నేను అడగలేదు బావా. అలా చెప్పమని ఎప్పుడూ అడగలేదు. డేలియా మీద ఒట్టు."

"తెలుసు. నువ్వు అడిగే రకం కాదు. నోరు మూసుకుని నిలబడతావు, పక్కవాళ్ళు నీ కోసం పాడైపోతారు. ఆఫీసు గదిలోనూ అంతే చేశావు. ఇక్కడే ఉండు."

లోపలికి వెళ్ళి లూర్దెస్‌కి ఫోను చేశాడు. తలుపు మూయలేదు, ఎడ్వీనో వింటే విననీ అనుకున్నాడు.

"ఆయన నా దగ్గరికి వచ్చారు. నేనే మీకు చెయ్యాలనుకున్నాను" అంది లూర్దెస్. గొంతులో హుషారు దాచుకోలేకపోయింది. "తీర్పు వచ్చిన ఏడాది లోపల కొత్త సాక్ష్యం దొరికితే మళ్ళీ చూడమని జడ్జిని అడగొచ్చు. తప్పకుండా ఒప్పుకుంటుందని నేను మాటివ్వలేను. కానీ సూపర్‌వైజరే ఒప్పుకుంటున్నాడు, ఇంతకన్నా గట్టిది దొరకదు."

"మరి జుల్మీరా చెప్పింది?"

లూర్దెస్ గొంతులో హుషారు తగ్గింది.

"అది అబద్ధమని మనం చెప్పాలి. రాసి ఇవ్వాలి. లేకపోతే ఎడ్వీనో మాట నిలవదు."

"కోర్టు కాగితాల్లో."

"అవును."

"పేరు పెట్టి."

"అవును, సెన్యోర్ డెల్ఫిమ్. ప్రమాణం చేసి అబద్ధం చెప్పిందని. కంపెనీ వాళ్ళు దాని మీదే వాదిస్తారు. పేపర్లో కూడా రావచ్చు. నేను దాచిపెట్టి చెప్పను."

"సరే" అని ఫోను పెట్టేశాడు.

కాసేపు వంటగదిలో నిలబడ్డాడు. రెండేళ్ళుగా కోరుకున్నది గుమ్మంలో కోటు వేసుకుని నిలబడి ఉంది. హెర్మానో టోపీ చేతిలో పట్టుకుని మళ్ళీ రావడం, క్లబ్బులో కుర్చీ జరపడం, ఫెయిర్‌హేవెన్ షెడ్డు పెద్ద బూటు వైపు కాకుండా ముఖంలోకి చూడడం. అవన్నీ ఒక్క సంతకం దూరంలో ఉన్నాయి. ఆ సంతకంతోనే వీధిలో ఆడవాళ్ళు ఇంకో సంగతి కూడా చెప్పుకుంటారు. చావు ముందు పెట్టుకుని, చెయ్యెత్తి, మొగుణ్ణి దొంగని చేసిన మనిషి అని.

వాళ్ళు చెప్పుకునేది నిజమే. అందులో ఒక్క మాట కూడా తప్పు ఉండదు.

డెల్ఫిమ్ గుమ్మంలోకి వచ్చాడు. "నువ్వు రాయొద్దు."

"బావా, నీ పేరు..."

"నా పేరుతో నీకేం పని? నన్ను దొంగంటే బతికుండి విన్నాను, కోర్టుకెళ్ళాను, అరిచాను. నీ అక్కకి జవాబు చెప్పుకోడానికి నోరు లేదు. లేని మనిషిని నలుగురిలో నిలబెట్టి అబద్ధాలకోరు అనను."

ఎడ్వీనో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అయితే అక్కని క్షమించావా?"

"లేదు."

"మరెందుకు బావా?"

డెల్ఫిమ్ ఆలోచించాడు. ఆ సంగతి వీడికి చెప్పాల్సిన పని లేదనుకున్నాడు.

"ఇంటికి పో" అన్నాడు.

ఎడ్వీనో అక్కడే నిలబడి ముఖానికి చేతులు అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. డెల్ఫిమ్ ఆపమనలేదు, ఓదార్చలేదు. వాడి ఏడుపు అయ్యేదాకా నిలబడి చూసి, తర్వాత తలుపు వేసుకున్నాడు.

లూర్దెస్ ఆ వేసవిలో రెండుసార్లు ఉత్తరం రాసింది, గడువు ఫలానా తేదీ అని గుర్తు చేస్తూ. అతను ఆ ఉత్తరాలు చదివాడు. జవాబు రాయలేదు. అక్టోబరులో ఆ తేదీ వచ్చినప్పుడు పొద్దున్నే లేచి గడ్డం గీసుకుని, మంచి చొక్కా వేసుకుని, ఎక్కడికీ వెళ్ళకుండా బల్ల ముందు కూర్చున్నాడు. కోర్టు గుమాస్తా కిటికీ నాలుగున్నరకి మూస్తారు. నాలుగున్నర దాకా గడియారం చూస్తూనే ఉన్నాడు. చెయ్యి రెండుసార్లు ఫోను దాకా వెళ్ళి వచ్చింది.

నాలుగున్నర దాటింది.

కోటు వేసుకుని శ్మశానానికి నడిచాడు. జుల్మీరా సమాధి రాయి మీద మేపుల్ ఆకులు తడిసి అంటుకుని ఉన్నాయి. ఒక్కొక్కటీ గోటితో ఊడదీశాడు. ఆమెతో ఏమీ మాట్లాడలేదు. మాట్లాడాలనే అంతదూరం వచ్చాడు, అయినా నోరు రాలేదు. చీకటి పడకముందే తిరిగి వచ్చేశాడు.